ఏ షిప్‌లో వచ్చింది ఈ చట్టం?

ఒక్కటి చాలట

ప్రాక్టీసు మానేసి, నా వకీలు గది ఖాళీ చేసి తాళంచెవి ఓనరు చేతిలో పెట్టాక నాకు ఫోన్లు తగ్గుతాయనుకున్నాను. తగ్గలేదు. చేసేవాళ్ళందరూ నల్లకోటు కొత్తగా తొడిగినవాళ్ళే. అడిగేదీ ఒకటే.

"దీదీ, క్రిమినల్ సైడ్‌కి మంచి సైట్ ఒకటి చెప్పండి. ఒక్కటి చాలు."

ఒక్కటి చాలట! చేపల మార్కెట్లో కూడా ఎవరూ ఒక్క గంప చూసి చేప కొనరు. మొప్ప ఎత్తి చూస్తారు, కన్ను చూస్తారు, పక్క గంప దాకా వెళ్ళి మళ్ళీ వస్తారు. ఒక మనిషి జైలుకి వెళ్ళేదీ ఇంటికి వెళ్ళేదీ తేల్చే మాటకి మాత్రం వీళ్ళకి ఒక్క సైటు చాలు. అదీ ఫోన్లో. అదీ కోర్టు మెట్లెక్కుతూ.

పోర్ట్ బ్లెయిర్ కోర్టుల్లో నా వయసు సగానికి పైగా గడిచింది. ఊరి పేరు మార్చారు గానీ నా నోరు మార్చలేకపోయారు. ఎప్పుడూ ముద్దాయిల తరఫునే నిలబడ్డాను. ఏ కేసులు గెలిచానో, ఎవరు శాలువా కప్పారో ఇక్కడ రాయను. ఈ ఉక్కలో శాలువా ఎవడికి కావాలి? ఈ పనిలో అసలు కష్టమేమిటో అది రాస్తాను. వాదించడం కష్టం కాదు, నోరున్న ప్రతివాడూ వాదిస్తాడు. నమ్మదగిన మాట ఎక్కడుందో వెతికి పట్టుకోవడం కష్టం. ఇప్పుడా వెతుకులాట మొత్తం ఇంటర్నెట్‌లోకి వెళ్ళింది. దాంతో బద్ధకస్తులకి పండగైంది.

కొత్త వకీళ్ళూ, మీలో చాలామందికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఇది ఎవరిచేతనైనా చదివించుకోండి. అందులో సిగ్గేమీ లేదు, నేనూ చాలా ఏళ్ళు అదే చేశాను. చదవకుండా చదివానని చెప్పడం సిగ్గు.

అమ్మ అడిగే ప్రశ్న

మావాళ్ళది శ్రీకాకుళం తీరం. నేను పుట్టింది ఇక్కడే, పోర్ట్ బ్లెయిర్‌లోని బతు బస్తీలో. అమ్మ ఎండుచేపలు అమ్మేది, నేను గంప మోసేదాన్ని. నా ఈడు పిల్లలు పదో క్లాసు పరీక్షలు రాస్తుంటే నేను సాయంత్రం బడిలో హిందీ అక్షరాలు దిద్దుతున్నాను. తెలుగు అక్షరాలు ఆ తర్వాత, బస్తీలో కిరాణా కొట్టు నడిపే ఒక పిన్నిగారు పొట్లాల కాగితాల మీద నేర్పింది. ఇంగ్లీషు ఇంకా తర్వాత. లా కాలేజీలో నాతో చదివినవాళ్ళు నన్ను ఆంటీ అనేవారు.

అక్షరం ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఒక లాభం ఉంది. అచ్చులో కనబడిందల్లా నిజమనే జబ్బు వాళ్ళకి చిన్నప్పుడే అంటుకోదు. నాకు ప్రతి కాగితమూ గుమ్మంలో నిలబడ్డ కొత్త మనిషే. లోపలికి రానిచ్చే ముందు నాలుగు మాటలు అడగాల్సిందే.

అడగడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మెయిన్‌ల్యాండ్ నుంచి షిప్ వచ్చిన రోజు మావాళ్ళంతా జెట్టీ దగ్గర చేరేవారు. దిగిన ప్రతి తెలుగువాణ్ణీ అమ్మ నిలేసేది.

"ఏ షిప్పులో వచ్చినావు బాబూ? ఎవలి తాలూకా మనిషివి? నిన్నెవలు రమ్మన్నారు?"

ఆ ప్రశ్నలు ఊసుపోక అడిగినవి కావు. సముద్రం దాటి వచ్చినవాడు తన గురించి ఏం చెప్పినా ఇక్కడ కాదనేవాడు ఉండడు. ఊళ్ళో దొంగతనం చేసి పారిపోయి వచ్చినవాడు ఇక్కడ దిగి తాపీ మేస్త్రీనంటాడు. ఇద్దరు పెళ్ళాలున్నవాడు తనకింకా పెళ్ళే కాలేదంటాడు. అందుకని అమ్మ అదే ఊరి నుంచి వేరే షిప్‌లో వచ్చినవాళ్ళని వెతికి పట్టుకుని, పక్కకి పిలిచి మళ్ళీ అడిగేది. రెండు మాటలూ కలిస్తేనే మా ఇంట్లో అన్నం.

ఇంటర్నెట్ పేజీ కూడా సముద్రం దాటి వచ్చిందే. ఎప్పుడు పెట్టారు? ఎవరు పెట్టారు? ఎవరి కోసం పెట్టారు? దానితో చుట్టరికం లేని ఇంకో చోట ఇదే మాట ఉందా? నాకు తెలిసిన విద్య అంతా ఇదే. మిగతాది ఓపిక. మీ దగ్గర లేనిది అదే.

గమ్ము వేళ్ళాయన, పసుపు గీతలాయన

నేను ఇద్దరు సీనియర్ల దగ్గర పనిచేశాను. పేర్లు అనవసరం.

మొదటాయన పరమ కోపిష్టి. ఆయన నోటి నుంచి మెచ్చుకోలు ఒక్కటి వినలేదు నేను. ఆయన పుస్తకాలు షిప్‌లో నెలల ఆలస్యంగా వచ్చేవి. చట్టానికి సవరణ వస్తే గెజెట్ కాపీ తెప్పించి, కొత్త మాటలు కత్తిరించి, పాత సెక్షన్ మీద గమ్ముతో అంటించేవారు. ఆ పని ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. వేళ్ళకి గమ్ముతోనే కోర్టుకి వచ్చేవారు. "అంటించని పుస్తకం పట్టుకుని జడ్జి ముందుకెళ్ళడం, చొక్కా తొడుక్కుని పంచె మర్చిపోవడం లాంటిదే" అనేవారు. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నాను. ఆ తర్వాత తిట్టుకోలేదు.

రెండో ఆయన మాటకారి. ఇంగ్లీషు వర్షంలా కురిసేది. తీర్పు పైన అచ్చువేసేవాళ్ళు రాసిపెట్టే సారాంశం తప్ప ఏదీ చదివేవారు కాదు. ఇంటర్నెట్ వచ్చాక ఆయనకి ఆ సారాంశం కూడా బరువైపోయింది. వెతికిన మాట మీద పసుపు రంగు ఎక్కడ పడితే అక్కడి నాలుగు లైన్లు చాలు.

ఒక బెయిల్ కేసులో అలాంటి నాలుగు లైన్లు మహా గంభీరంగా చదివారు. జడ్జిగారు శాంతంగా విని, "వకీల్ జీ, పన్నా పలట్‌కే ఆగే భీ పఢియే" అన్నారు. ఈయన పేజీ తిప్పారు. ముందు చదివింది అసలు తీర్పే కాదు. ఆ కేసులో ఒక వకీలు ఏమని వాదించాడో జడ్జి రాసిపెట్టిన భాగం. తర్వాతి పేజీలో, ఈ వాదన ఒప్పుకోవడానికి వీల్లేదని ఉంది. ఈయన ఆగడం తెలియక దాన్ని కూడా అంతే గంభీరంగా చదివేశారు. హాలంతా నవ్వింది. ముద్దాయి నవ్వలేదు. అతన్ని మళ్ళీ జైలుకి తీసుకెళ్ళారు.

బయటికొచ్చాక ఈయన నాతో, "సైటు మోసం చేసింది" అన్నారు. సైటు పాపం ఏం చేసింది? అడిగిన మాటకి పసుపు పూసింది. పూసిన చోట కళ్ళు మూసుకుని దూకమని చెప్పిందా?

కోర్టుల సొంత సైట్లలో తీర్పులు ఉచితంగానే ఉన్నాయి. నెమ్మదిగా తెరుచుకుంటాయి. తేదీ అడుగుతాయి, కేసు నెంబరు అడుగుతాయి, వంకర టింకర అక్షరాలు చూపించి టైపు చేయమంటాయి. అందుకే మీకు నచ్చవు. అడక్కుండానే తియ్యగా సారాంశం చెప్పేవి మీకు ముద్దు. సరే, ముందు అక్కడే చూడండి, దారి తెలియడానికి. కానీ నిలబడి చదివే కాపీ మాత్రం కోర్టు సైటుది కావాలి. చివరి పేరా దాకా చదవాలి. ఆ తర్వాత పై కోర్టు దాన్ని కొట్టేసిందేమో చూడాలి. ఇప్పుడు నేర చట్టాలన్నీ మారి సెక్షన్ నెంబర్లు కొత్తవయ్యాయి. పాత నెంబరు కొట్టి పాత తీర్పు తెచ్చి కొత్త కేసులో చదివేవాళ్ళని నేను గది మూసేలోపే చూశాను. కనీసం నెంబర్లు చూసుకోవడానికైనా కళ్ళు వాడండి.

పెన్‌డ్రైవ్ వేదం

సముద్రం అడుగున కేబుల్ పడకముందు ఇక్కడ ఇంటర్నెట్ అంటే, పేజీ నొక్కి టీ తాగి రావడం. అందుకని చెన్నై వెళ్ళిన వకీలు ఎవరైనా చట్టాలూ తీర్పులూ నింపుకుని ఒక పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చేవారు. అది బార్ రూములో చేతులు మారేది. అక్కడి నుంచి షిప్‌లో డిగ్లీపూర్ వెళ్ళేది, కార్ నికోబార్ వెళ్ళేది. దాన్ని నింపింది ఎవరో, ఎప్పుడో ఎవరూ అడగలేదు. ఢిల్లీలో చట్టాలు మారుతూ ఉండేవి. పెన్‌డ్రైవ్‌కి ఆ సంగతి ఎవరు చెప్తారు?

నిలదీస్తే ఒకటే జవాబు: "అందరి దగ్గరా అదే ఉంది మేడమ్."

అందరి దగ్గరా ఎందుకుండదు? అందరూ ఒకరి దగ్గర కాపీ కొట్టినవాళ్ళే కదా. దాన్ని పదిమంది సాక్ష్యం అనరు. ఒక్కడు చెప్పిన మాటని పదిమంది అప్పజెప్పడం అంటారు. క్రిమినల్ కోర్టులో ఇలాంటి సాక్షులు వస్తే మీరే చీల్చి చెండాడతారు. మీ ఫోన్లో వస్తే మాత్రం దండం పెడతారు.

కేబుల్ వచ్చింది. స్పీడ్ వచ్చింది. బుద్ధి రావడానికి మాత్రం కేబుల్ లేదు.

లెక్కల సార్లు

ఇది కూడా చెప్పి అసలు కేసులోకి వస్తాను. దీవుల్లో నేరాల మీద పరిశోధన అంటూ మెయిన్‌ల్యాండ్ నుంచి అప్పుడప్పుడు చదువుకున్నవాళ్ళు దిగుతారు. ఒకాయన నా గదికి వచ్చి ఒక న్యూస్ పోర్టల్ చూపించి, "ఇక్కడ ఫలానా నేరం రెట్టింపైంది కదా మేడమ్, కారణం ఏమంటారు?" అని అడిగారు. ముందటేడు ఒకటి, ఆ ఏడు రెండు. రెట్టింపే మరి! ఇంత చిన్న చోట ఒక తాగుబోతు ఎక్కువ తాగితే శాతాలు ఆకాశానికి పోతాయి.

ప్రభుత్వం ఏటా వేసే నేరాల లెక్క ఉంది కదా, అది చూడండన్నాను. ఆలస్యంగా వస్తుందని మూతి విరిచారు. ఆలస్యంగా వచ్చినా ఎలా లెక్కపెట్టారో అందులో రాస్తారు. అది చదివితే ఇంకో సంగతి కూడా తెలిసేది. నమోదైంది అంటే జరిగింది అని కాదు, పోలీసులు రాసుకున్నారు అని. రాసుకోని స్టేషన్ ఉన్న చోట నేరమే లేనట్టు కనిపిస్తుంది. ఆయన నా మాట రాసుకోలేదు. పోర్టల్ మాటే రాసుకుని ఫ్లైటెక్కారు.

అప్పలరాజు రేపు ఒప్పేసుకుంటాడు

నేను గది మూసేయడానికి కొన్నేళ్ళ ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం నూకరత్నం మా ఇంటికొచ్చింది. వండూర్ బీచ్ దగ్గర టిఫిన్ బండి ఆమెది. భర్త అప్పలరాజుకి ఇంజిన్ బిగించిన చిన్న డింగీ పడవ ఉంది. పడమటి ఒడ్డు వెంట చేపలకి వెళ్ళి, ఆదిమ తెగ వాళ్ళకి కేటాయించిన రిజర్వు నీళ్ళలో దొరికాడని కేసు. డింగీ జప్తు అయింది. అతను బెయిల్ మీద ఉన్నాడు. వకీలు సతీష్. ఇక్కడే పుట్టి, మెయిన్‌ల్యాండ్‌లో లా చదివొచ్చి, నా దగ్గర కొన్నాళ్ళు జూనియర్‌గా చేసి సొంతంగా పెట్టుకున్నవాడు.

"దీదీ, రేపే వాయిదా. తప్పొప్పీసుకుంటే ఫైనేసి ఒగ్గేత్తారంట. సతీష్ భయ్యా సెప్పినాడు. డింగీ రేపే ఇప్పించీమని తమరొక మాట అడిగితే జడ్జిగోరు యింటారు కదా అని వచ్చినాను."

"ఏమని ఒప్పుకుంటాడు?"

"రిజర్వులోకి ఎల్లినానని."

"కావాలని వెళ్ళాడా?"

"కావాలని ఎవలెల్తారు దీదీ! ఇంజిన్ బందైపోనాది. నీటివాటు లాగీసింది. తోటి డింగీలోలికి ఫోన్ కూడా కొట్టినాడు, వచ్చి లాగండ్రా అని."

"మరి చేయని తప్పు ఒప్పుకోవడం దేనికి?"

"కేసు నడిపితే ఏళ్ళు పడతాదంట. ఒప్పుకుంటే ఒక్క రోజులో ఖతమ్. డింగీ లేకపోతే తినేదేటి?"

సతీష్‌కి ఫోన్ చేశాను. హెల్మెట్ చేత్తో పట్టుకునే లోపలికొచ్చాడు, త్వరగా వెళ్ళిపోదామని.

"కూర్చో. ఏ చట్టం ప్రకారం ఫైన్‌తో పోతుందో చూపించు."

ఫోన్ తీశాడు. "ఇదిగో దీదీ. రిజర్వుల చట్టం, మొత్తం రెగ్యులేషన్ ఉంది. శిక్ష చిన్నదే."

"ఏ షిప్‌లో వచ్చింది ఇది?"

"అబ్బా దీదీ! మళ్ళీ షిప్పేనా?"

"ఎవరు పెట్టారు? ఎప్పుడు పెట్టారు?"

తెర పైకీ కిందికీ తోశాడు. తేదీ లేదు. ఏదో కోచింగ్ సెంటర్ సైటు. పైన బేనర్‌లో ఫస్ట్ ర్యాంక్ వచ్చిన అమ్మాయి నవ్వుతోంది, మెడలో దండ.

"ఇదొక్కటే కాదు దీదీ. తెలుగులో వీడియో ఉంది, మెయిన్‌ల్యాండ్ అడ్వొకేట్ చేశాడు, బోలెడుమంది చూశారు. ఏఐని కూడా అడిగాను. తీన్ జగహ్ సే కన్ఫర్మ్."

వీడియో పెట్టమన్నాను. ఆ అడ్వొకేట్ చెయ్యి ఊపుతూ చెబుతున్నాడు. వెనక తెర మీద ఏదో పేజీ చూపిస్తున్నాడు. దాని పైన అదే దండ, అదే నవ్వు. ఏఐ ఎక్కడ చదివి చెప్పిందో అడగమన్నాను. అది ఒక లింకు ఇచ్చింది. నొక్కితే మళ్ళీ అమ్మాయి ప్రత్యక్షం.

నూకరత్నం వంగి చూసింది. "ఈ పిల్ల ఎంత పెద్ద వకీలమ్మ దీదీ? ఎక్కడ సూసినా ఈవిడే ఉందేటి!"

సతీష్ నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

ఆ చట్టానికి సవరణ వచ్చిందని నాకు ముందే తెలుసు. చెప్పేయొచ్చు. చెబితే నన్ను నమ్మేవాడు. నన్ను నమ్మడం కూడా ఒక్క సైటుని నమ్మడమే. అందుకని చెప్పలేదు.

"ఇక్కడి చట్టం ఇది. ఇక్కడి అడ్మినిస్ట్రేషన్ గెజెట్ చూశావా?"

"సవరణ అని కొట్టి వెతికాను దీదీ. ఏమీ రాలేదు."

"ఎలా వస్తుంది? పాత గెజెట్ పేజీలు స్కాన్ చేసిన బొమ్మలు. బొమ్మలో అక్షరాలు నీ వెతికే యంత్రానికి కనబడతాయా? ఒక్కొక్కటీ తెరిచి నీ కళ్ళతో చదవాలి. తెరువు."

తెరిచాడు. వంకరగా స్కాన్ చేసిన పేజీలు, మసక అక్షరాలు. ఏడాది తర్వాత ఏడాది. నూకరత్నం మా వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. అతను మధ్యమధ్య నిట్టూరుస్తుంటే నేను పట్టించుకోలేదు. టీ గ్లాసు సగంలో ఉండగా చదవడం ఆపి, గ్లాసు కింద పెట్టాడు.

సెక్షన్ నెంబరు అదే. శిక్ష అది కాదు. ఫైన్‌తో పోయే రోజులు ఎప్పుడో పోయాయి. ఏళ్ళ లెక్కన జైలు.

"కేంద్రం వాళ్ళ చట్టాల సైటులో కూడా చూడు. రెండో మాట కలవాలి" అన్నాను. కలిసింది.

"అంటే దీదీ, రేపు ఒప్పీసుకుంటే?" అంది నూకరత్నం.

"జైలు."

ఆమె సతీష్ వైపు తిరిగింది. "మరి ఫైనన్నావు కదా భయ్యా?"

అతను హెల్మెట్ లోపలికి చూస్తూ కూర్చున్నాడు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ శిక్ష పెంచడం సబబే. ఆ రిజర్వులోకి సారా, పొగాకు పట్టుకెళ్ళి, అక్కడి మనుషుల్ని బొమ్మల్లా ఫోటోలు తీసే వెధవలు ఉన్నారు. వాళ్ళకి ఇంకా పెంచినా నాకు అభ్యంతరం లేదు. నాకు ఒళ్ళు మండింది చట్టం మీద కాదు. ఇంజిన్ చెడినవాణ్ణి ఆ వెధవల పక్కన కూర్చోబెట్టబోయిన బద్ధకం మీద.

మర్నాడు కోర్టు వరండాలో సతీష్ మొహం చెల్లక దూరంగా నిలబడితే, అప్పలరాజుకి నేను చెప్పాను. వినలేదు. "ఫోన్లో నేనూ సూసినాను దీదీ. ఫైనే. నాకు డింగీ కావాల, అంతే" అన్నాడు. ఒప్పుకోవద్దు, ఇంజిన్ సంగతి చెప్పు అని భార్య చెప్పినా వినలేదు. వారాల తరబడి ఆ వీడియో చూసి చూసి, ఒప్పుకుంటాను అనే ఒక్క మాట నోట్లో తయారుగా పెట్టుకుని వచ్చాడు. అలా వచ్చిన మనిషి జడ్జి ఏం అడుగుతున్నారో కూడా వినడు.

కేసు పిలిచారు. మేజిస్ట్రేట్ గారు అభియోగం చదివి, "గునాహ్ కబూల్ హై?" అని అడిగారు.

అప్పలరాజు నోరు తెరిచాడు. సతీష్ లేచాడు. హాలు నిండా తోటి వకీళ్ళు ఉన్నారు. "సాబ్, ఏక్ మినట్" అని, ముద్దాయి వైపు తిరిగి తెలుగులో గట్టిగానే అన్నాడు: "అప్పలరాజు భయ్యా, నేను చెప్పింది తప్పు. పాత చట్టం చూసి చెప్పాను. ఒప్పుకుంటే జైలుకి పోతావు."

నేను చెబితే వినని మాట అతను చెబితే విన్నాడు. అబద్ధం ఎక్కడ మొదలైందో అక్కడి నుంచే నిజం వస్తేగానీ మనుషులు నమ్మరు.

"నహీ సాబ్" అన్నాడు అప్పలరాజు. "ఇంజిన్ బంద్ హో గయా థా."

సతీష్ మీద నాకు కోపం చాలానే ఉంది, ఇప్పటికీ ఉంది. అయినా ఆ లేవడం ఒక్కటీ లెక్కలో వేసుకున్నాను. నా రెండో సీనియర్ అయితే సైటుని తిట్టి కూర్చునేవారు.

వండూర్‌లో ఇడ్లీ

కేసు నడిచింది. వానాకాలాలు వచ్చాయి, పోయాయి. ఆ రోజు అప్పలరాజు ఫోన్ అందుకున్న తోటి డింగీ వాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పారు, ఇంజిన్ విప్పిన మెకానిక్ చెప్పాడు. కేసు కొట్టేశారు. ఈలోగా జప్తులో ఉన్న డింగీ చెక్కలు విడిపోయాయి, ఇంజిన్ తుప్పుపట్టింది. అప్పలరాజు ఇప్పుడు ఇంకొకరి డింగీలో కూలికి వెళుతున్నాడు. చట్టం తెలిసినంత మాత్రాన అన్నీ మిగలవు. మిగులుతాయని మీకు చెప్పేవాడు కూడా ఏదో కోచింగ్ సెంటర్ నడుపుతూ ఉంటాడు.

ఈ మధ్య వండూర్ వెళ్ళినప్పుడు నూకరత్నం బండి దగ్గర ఆగాను. ఇడ్లీ పెట్టింది. డబ్బులిస్తే తోసేసింది. అప్పలరాజు పక్క బల్ల మీద కూర్చుని, ప్లేటు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. నన్ను చూసి ఫోన్ తీశాడు.

"దీదీ, ఇది సూడండి. ఈ వకీలు ఇంకా సెప్తనే ఉన్నాడు. ఫైనేనంట. ఆ పొద్దు ఒప్పీసుకుని ఉంటే నా డింగీ నాకుండేది కదా?"

అదే వీడియో. అదే చెయ్యి ఊపడం. వెనక అదే అమ్మాయి, అదే దండ. ఇప్పుడు చూసినవాళ్ళు ఇంకా పెరిగారు.

"నోరు ముయ్యి" అంది నూకరత్నం గరిటెతో బెదిరిస్తూ. "దీదీతోనా వాదన?"

"అడగనీ" అన్నాను. నేను వాదించలేదు. చట్నీ ఇంకొంచెం వేయించుకున్నాను. జైల్లో ఉన్నవాడికి చేతిలో ఫోన్ ఉండదు, పక్కన పెళ్ళాం ఉండదు, నన్ను తప్పుపట్టే తీరికా ఉండదు. అతను ఎండలో కూర్చుని, ఇంటి ఇడ్లీ తింటూ, ఆ వీడియో మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు.